బొమ్మ వచ్చాకే నా గొంతు

"రేపటికి ఎందరొస్తరో గ్రూపుల అడుగు" అన్నాడు ఆయన, ఆటోలో కూర్చొని ఫోను నా చేతిలో పెడుతూ.

"నువ్వే వచ్చి అడుగు. నా గొంతుకు బర్రెలు బెదురుతయి" అన్నాను నేను.

మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ఆయన నవ్వాడో లేదో చూడలేదు. ఆటో కదిలింది, నేను చేటలో ఉన్న కందులు చెరుగుకోవడానికి లోపలికి వచ్చాను. ఛాతీ పట్టేసినట్టుంది, గ్యాసు అయి ఉంటుంది, గద్వాల దవాఖానలో చూపించుకొని వస్తానని పోయిన మనిషి. పొద్దు గూకకముందే అదే ఆటోలో తీసుకొచ్చారు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు. వాళ్ళది వీపనగండ్ల, పిల్ల వనపర్తి కాలేజీలో చదువుతున్నది. కూలి పని చేసేవాళ్ళు ఫోన్లతో పని ఎట్లా నడుపుకుంటున్నారో ఒకరి నోట విని రాసుకురమ్మన్నారట. వేరే ఎవరినీ అడగడానికి మొహమాటపడి నా దగ్గరికి వచ్చింది. నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. పేర్లు మాత్రం రాయవద్దని చెప్పాను. రేపు అందరం ఒకే ఆటో ఎక్కాలి.

నేను పుట్టింది ఉప్పునుంతల దిక్కు. అక్కడ వానలు పడని ఏడు మావాళ్ళు ఇంటికి తాళం వేసి వలస పోయేవాళ్ళు. గద్వాల దిక్కు కోడలిగా వచ్చాకే నాకు ఈ క్రాసింగు పని చేతికొచ్చింది. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, ఇది విత్తనం కోసం పండించే పత్తి. చేలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. రేపు పూసే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తుపట్టి, బొటనవేలి గోటితో రేకులు ఒలిచి, లోపలి పుప్పొడి అంతా గీకేసి, నడుమ ఉన్న సన్నని కాడ విరగకుండా నిలిపి, దాని మీద ఎర్ర కాగితం ముక్క తొడుగుతాము. పొద్దున మగ పూలు కోసుకొచ్చి, ఆ కాగితం తీసి, కాడ కొనకు రుద్దుతాము. ఎండ ముదిరితే కొన వాడిపోతుంది. వాడిన దానికి ఎన్ని పూలు రుద్దినా కాయ పట్టదు. అందుకని ఈ పనికి పొద్దుటి పూటే ప్రాణం. కూలీల ముఠా ఆలస్యంగా దిగిందంటే నిన్న సాయంత్రం ఒలిచిందంతా మట్టిలో పోయినట్టే.

మా ముఠా ఆడవాళ్ళను పిలుచుకుపోయేది మా ఆయన. పూర్వం చీకటి విడవకముందే వాడవాడా తిరిగి, ఒక్కొక్క గడప ముందు నిలబడి పిలిచేవాడు. తరువాత విత్తనాల కంపెనీ సూపర్‌వైజరు, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే పిల్లవాడు, ఫోన్లో గ్రూపు పెట్టాడు. మొదట్లో అతను అన్నీ రాసి పెట్టేవాడు. చదవగలిగేవాళ్ళు ముఠాలో సగం మంది కూడా లేరు. మా ఆయన అది చూసి, రాసింది తాను చదువుకొని నోటితో చెప్పి పెట్టడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి మా గ్రూపులో రాత లేదు, అంతా మాటే. ఎవరి మాటో పేరు చూసి పోల్చుకునేవాళ్ళం కాదు. ఒకామెకు చంటిపిల్ల బొమ్మ, ఒకామెకు అమ్మవారి బొమ్మ, ఒకామెకు వాళ్ళ బర్రె బొమ్మ. "బర్రె ఏం చెప్పింది?" అని అడిగితే ఆమె ఏమీ అనుకునేది కాదు.

అలవాటు లేని రోజుల్లో తమాషాలు కూడా జరిగాయి. ఒకామె మాట పెట్టడానికి నొక్కిన గుర్తు వదలడం మరిచిపోయింది. అత్తతో పడ్డ కొట్లాట మొత్తం గ్రూపులోకి వచ్చేసింది. "నీ కొడుకు తిన్న పళ్ళెం నేను కడగ" అన్న ముక్క ఆ పొద్దంతా చేలో ప్రతి వరుసలోనూ వినపడింది. ఆమే అందరికంటే ఎక్కువ నవ్వింది.

నేర్చుకోవడం కూడా దాంట్లోనే అయ్యేది. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్లలు "అక్కా, మొగ్గ ఎంత లావుంటే గిచ్చాలె?" అని ఫొటో పెడితే, తెలిసినవాళ్ళు చెప్పేవాళ్ళు. సూపర్‌వైజరు చేతులు మాత్రమే కనపడేటట్టు వీడియోలు పెట్టేవాడు. అవి చూస్తే ఒలిచే తీరు తెలుస్తుంది. గోరు ఎంత లోతుకు పోవాలో మాత్రం మాటతోనే చెప్పాలి. మా ఆయన ఆ మాట నాతో చెప్పించి పెట్టేవాడు. నాకు సొంతంగా అటువంటి ఫోను లేదు, ఆయన దాంట్లోనే చెప్పేదాన్ని. పిల్లలు ఫోను బొడ్లో దోపుకొని, నా మాట మళ్ళీ మళ్ళీ పెట్టుకొని వింటూ వరుస దాటేవాళ్ళు. నా గొంతు గరుకు. చేలో మాత్రం దూరానికి వినపడుతుందని ఎవరూ ఏమీ అనలేదు.

దినాలు అయిపోయాక చేను ఆసామి ఇంటికి వచ్చాడు. చేను నిండు మొగ్గ మీద ఉంది. అరుగు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"ముఠా నువ్వు తోలుకస్తవా, లేకుంటే పక్కూరి మేస్త్రికి చెప్పాల్నా? ఆయనకు సొంత ఆటో ఉంది."

"తోలుకస్త" అన్నాను.

"ఒక్క పొద్దు ఆగమైనా నేను ఊకోను మల్ల."

"ఆగం గాదు."

అన్నానే గాని, ఏం చూసుకొని అన్నానో తెలియదు. మాకు భూమి లేదు. ముఠా నా చేతిలో నిలిస్తే ఇల్లు నిలుస్తుంది. పోతే మళ్ళీ ఎవరు పిలిస్తే వాళ్ళ వెనక పోవాలి, పిలవని రోజు మా పుట్టింటివాళ్ళ లాగా మూట సర్దుకోవాలి. ఇంతకుమించి ఆలోచించలేదు.

మొదటి పొద్దు ఫోను తీసుకొని, ఆయన చెప్పినట్టే చెప్పాను. ఫలానా చేను, ఫలానా ఆటో, మగ పూలకు సంచులు తెచ్చుకోండి. ఎవరూ తిరిగి పలకలేదు. ఆటో దగ్గరికి అందరూ వచ్చారు గాని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మా చిన్నత్త మాట్లాడింది. ఆమె మా అత్తకు చెల్లెలు, ముఠాలో అందరికంటే పెద్దది. నేను మూల కూర్చున్నన్ని రోజులు అన్నం వండి తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చున్నది ఆమే.

"నీ మీద కోపం గాదు కోడలా. కండ్లు తెరుసుడుతోనే నీ గొంతు వస్తే ఎట్ల? మాకు మొగోళ్ళున్నరు, పిల్లలున్నరు."

"మొన్నటిదాంక చేన్ల ఇదే గొంతు ఇంటిరి గద చిన్నత్తా."

"మొన్నటి సంగతి వేరు. చేన్ల ఇనుడు వేరు, తెల్లారంగ ఇనుడు వేరు."

ముఠాలో ఒకామె చర్చికి పోతుంది. ఆమె ఆటో కడ్డీ పట్టుకొని అన్నది, "అక్క చెయ్యి పూలకు పనికొస్తది గని గొంతు మన చెవులకు పనికి రాదా?"

"నీకు పట్టింపుల్లేవు, నువ్వూకో" అన్నది చిన్నత్త.

"పట్టింపుల్లేవు గని చెవులున్నయి గద, పెద్దమ్మా."

కొందరు నవ్వారు. చిన్నత్త నవ్వలేదు. ఆమె తప్పేమీ కాదని నాకూ తెలుసు. మొగుడు పోయిన ఆడది పొద్దున్నే ఎదురు రాకూడదని నేను పుట్టకముందు నుంచీ ఉన్నదే. నేనూ పూర్వం ఒకరిద్దరిని చూసి పక్క సందులోకి తిరిగినదాన్నే. ఇంటింటికీ పోయి పిలుద్దామంటే అది మరీ ఎదురుపడటం. రాసి పెడదామంటే నాకు రాత రాదు, వాళ్ళకు చదువు రాదు.

దారి చూపింది చిన్నత్త కోడలు. "నేను ముందుగాల లచ్చుమమ్మ బొమ్మ పెడ్త అత్తమ్మా. అందరు బొమ్మ సూసి దండం బెట్టుకుంటరు. ఎన్కకెళ్ళి అక్క మాట ఇంటరు. ముత్తైదువ ఎదురొచ్చినంక కదిలినట్టే గద."

"అట్లయితే సరే" అన్నది చిన్నత్త. అందరికీ ఊపిరి ఆడినట్టయింది. నాకూ అయింది.

అప్పటినుంచి అదే పద్ధతి. తెల్లవారక ముందు అరుగు మీద కూర్చొని, బొటనవేలు ఫోను మీద పెట్టుకొని చూసేదాన్ని. బొమ్మ వచ్చేది. తామరపూవు, దీపాలు. ఆ దీపాలు మినుకుమినుకుమనేవి. అది వచ్చాక కొంచెం ఆగి నా మాట పెట్టేదాన్ని. చిన్నత్త కోడలు మొగుడితో అలిగిన పొద్దు బొమ్మ ఆలస్యమయ్యేది. మా ఇంట్లో గోడకున్న లక్ష్మీదేవి కంటే ఆ ఫోనులో దేవతనే నేను ఎక్కువ చూశాను ఆ సీజను.

సూపర్‌వైజరుకు ఈ సంగతి తెలియదు. కొన్నాళ్ళు చూసి విసిగి, ఒకనాడు మాట పెట్టాడు. "ఇది పని గ్రూపు. దేవుండ్ల బొమ్మలు పెట్టొద్దని చెప్తున్న. ఎవరన్న పెడితే తీసేస్త." ఎవరూ కారణం చెప్పలేదు, మగపిల్లవాడికి ఏమని చెబుతారు. మర్నాడు తెల్లారగానే బొమ్మ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కొన్నాళ్ళకు అతనే దానికింద దండం పెట్టే చేతుల గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు.

ఇట్లా నడుస్తుంటే ఒక సాయంత్రం మేము మొగ్గలు గిచ్చి వచ్చాక వాన పడింది. నల్లరేగడి నేల. తెల్లారి ఆసామి ఫోను చేశాడు. కాలువ దిక్కు చేలోకి బండి దిగదు, దాన్ని వదిలేయండి, రోడ్డు దిక్కు చేనుకు పొండి, అక్కడ ఎర్ర కాగితాలన్నీ అట్లాగే నిలబడి ఉన్నాయి, ఎండ రాకముందే దిగాలి అన్నాడు. నేను సరేనన్నాను. బొమ్మ కోసం చూశాను.

బొమ్మ రాలేదు.

అలిగి ఉంటుంది, ఇంకాసేపట్లో పెడుతుంది అనుకున్నాను. వాన వెలిసిన ఆకాశం తెల్లగా ఉంది, ఎండ తొందరగా వచ్చేటట్టుంది. పాలవాడు పోయాడు. మలుపు దగ్గర ఆటోవాడు వచ్చి హారన్ కొట్టాడు. ఆడవాళ్ళు ఎవరి ఇళ్ళలో వాళ్ళు సద్ది కట్టుకొని కూర్చున్నారని నాకు తెలుసు. వాళ్ళూ ఫోను చేతిలో పట్టుకొని బొమ్మ కోసమే చూస్తున్నారు. ఏ చేనుకు పోవాలో వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు, నేను చెప్పకూడదు.

అప్పుడు చర్చికి పోయే ఆమె ఒక బొమ్మ పెట్టింది. కొండ మీద సూర్యుడు, కింద వాక్యం. ఆమె ఎందుకు పెట్టిందో అందరికీ అర్థమైంది. దాని కింద మాటలు మొదలయ్యాయి. నేను ఒక్కొక్కటి నొక్కి విన్నాను.

"ఇది లెక్కకొస్తదా?" అన్నది ఒకామె.

"దేవుని బొమ్మనే గద. ఏ దేవుడైతేంది, తెల్లారింది సూసుకుంటె సాలు" అన్నది బర్రె బొమ్మామె.

"నీకు పట్టింపుల్లేవంటివి గద ఆ పొద్దు. మీ దేవునికి మా పట్టింపులు తెలుసునా?" అని ఇంకొకామె.

"తెల్వది గని అడిగితే కాదనడు తియ్యి" అన్నది చర్చికి పోయే ఆమె.

"చిన్నత్త ఒప్పుకుంటదా?"

"అడుగరాదు మరి."

"ఎట్ల అడగాలె? కోడలు ఫోనుకు పెడితే ఒకటే టిక్కు పడుతుంది. రీచార్జి అయిపోయినట్టుంది."

"ఎవరన్న ఇంటికాడికి పోయి అడుగుండ్రి."

"నాకు పొయ్యి మీద అన్నం ఉంది."

"నా కాడ పిల్ల పాలు తాగుతుంది."

ఆటోవాడు మళ్ళీ హారన్ కొట్టాడు. ఆసామి ఫోను చేస్తున్నాడు, నేను ఎత్తలేదు. అరుగు అంచు మీదికి ఎండ వచ్చింది. పక్కూరి మేస్త్రి ఆటో ఎప్పుడు పిలిచినా వస్తుంది. ఫోను దగ్గరికి తీసుకొని నొక్కి పట్టుకున్నాను. ఆ పొద్దు చెప్పింది ఇదీ:

"అందరు ఇనుండ్రి. రోడ్డు దిక్కు చేనుకు పోవాలె, కాలువ దిక్కు గాదు. ఆటో ఎక్కుండ్రి. ఇననోళ్ళు ఇనకండ్రి, నాకేం లేదు. మొగ్గలకు నా మొగడు సచ్చిండో బతికిండో తెల్వదు. వాటికి ఎండ తెలుస్తది, అంతే."

వదిలాను. పోయింది. రెండు టిక్కులు పడలేదు, ఒక్కటే పడింది. చిన్నత్త ఇంటి ఫోనుకు అందలేదని అర్థమైంది. అందరూ విన్నారని చూపించే నీలిరంగు ఆ పొద్దు రాదని తెలిసి, చూడటం మానేసి సంచి తీసుకొని బయలుదేరాను.

మలుపు దగ్గరికి పోయేసరికి చాలామంది వచ్చి ఉన్నారు. ఎవరూ దాని సంగతి ఎత్తలేదు. చర్చికి పోయే ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. చోటు వెనక మూల. నేను ఎప్పుడూ కూర్చునేది అక్కడే, ముందు సీటులో కూర్చోను. ఇద్దరు మాత్రం రాలేదు. వాళ్ళ ఇళ్ళ ముందు ఆపితే లోపలినుంచి ఒంట్లో బాగాలేదని చెప్పి పంపారు.

చిన్నత్త ఇల్లు దారిలోనే. ఆమె సద్దిమూట ఒళ్ళో పెట్టుకొని గడపలో కూర్చొని ఉంది. కోడలు పక్కన నిలబడి ఫోను పైకెత్తి, కిందికి దించి చూస్తున్నది. ఆటో ఆగింది. వెనక మూల నుంచి తల బయట పెట్టి చూసింది నేనే. ఆ పొద్దు చిన్నత్తకు మొదట ఎదురైన మొహం నాదే.

ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది. లేవలేదు.

"బొమ్మ వచ్చిందా?" అన్నది.

"రాలే."

"మల్ల ఎట్ల పిలిసినవ్?"

"నోటితోనే."

కోడలు మెల్లగా "పైసల్ అయిపోయినయ్ అక్కా, రాత్రే కట్ అయింది, నేను సూసుకోలే" అన్నది. చిన్నత్త ఆమె వైపు చూడలేదు. వీధి అవతల వేపచెట్టు కొమ్మల్లోంచి వస్తున్న సూర్యుడి వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుంది. తరువాత లేచి వచ్చి, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది.

"ఏ చేను?" అన్నది ముందుకు చూస్తూనే.

"రోడ్డు దిక్కుది."

"మరి ఇంకేం సూస్తున్నవ్ రా, పోనియ్యి" అన్నది డ్రైవరుతో.

చేలో దిగేసరికి ఎండ వచ్చేసింది. మగ పూలు కోసి సంచుల్లో నింపుకొని, ఒక్కొక్కరం వరుస పట్టాము. కింది వైపు వరుసలు అందుకున్నాము. మెరక మీద ఉన్నవి అందలేదు. అక్కడ కాగితం తీస్తే కొన గోధుమ రంగు తిరిగి ఉంది. అట్లాంటి కాడలు విరిచి పడేయాలి, లేకపోతే ఏ పుప్పొడో పడి పనికిరాని కాయ కాస్తుంది. వాటిని విరిచింది నేనే, వేరే ఎవరితోనూ చేయించలేదు. ఆసామి గట్టు మీద నిలబడి చూశాడు.

"మెరక మొత్తం ఎండబెడితిరి" అన్నాడు.

"ఎండబెడితిమి. మిగిలింది పట్టుకున్నం" అన్నాను.

"ఏం పరేషాన్ వచ్చింది మీకు పొద్దుగాల?"

నేను జవాబు చెప్పేలోపు చిన్నత్త రెండు వరుసల అవతలినుంచి అన్నది, "ఫోను పని చెయ్యలే దొరా. ఫోనన్నంక అయితది." ఆమె అబద్ధం చెప్పిందని అనలేను. ఆసామి గట్టు దిగి పోయాడు. పక్కూరి మేస్త్రి మాట ఎత్తలేదు.

సాయంత్రం మొగ్గలు గిచ్చేటప్పుడు చిన్నత్త నా పక్క వరుసకు వచ్చింది. చేతులు ఆపకుండానే మాట్లాడింది.

"నేను ఒకటి అనుకున్న కోడలా. మనిషి ఎదురొస్తే నేను మొఖం తిప్పుకోవాలె, లేకుంటే ఆమెనన్న ఆగాలె. ఫోన్ల మాట అట్ల గాదు. అది వచ్చి ఊకనే కూసుంటది. నేను నొక్కినప్పుడే లేస్తది."

"అవు."

"నేను మొఖం కడుక్కోని, సూర్యునికి దండం బెట్టి, అప్పుడు నొక్కమంట నా కోడల్ని. నీ యాళకు నువ్వు పెట్టు. నీకు నా బొమ్మతోని పని లేదు."

"మిగిలినోళ్ళు?"

"వాళ్ళకు నేను చెప్త. వాళ్ళకూ వేళ్ళున్నయి గద, నొక్కుకుంటరు."

అంతే మాట్లాడింది. ఆ వరుస చివరికి పోయాక తన దారిన తాను పోయింది.

మర్నాటి నుంచి నేను ఆసామి చెప్పగానే మాట పెట్టేస్తున్నాను. ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు వింటారు. కొందరు లేవగానే వింటారు, కొందరు దండం పెట్టుకున్నాక వింటారు. నా మాట విన్నవాళ్ళ బొమ్మలు ఒక్కొక్కటీ ఫోనులో తేలే తీరును బట్టి ఎవరి ఇంట్లో పొద్దు ఎప్పుడు మొదలవుతుందో కొంచెం తెలుస్తున్నది. ఆ ఒంట్లో బాగాలేదన్న ఇద్దరూ తరువాత పక్కూరి మేస్త్రి ఆటో ఎక్కారు. గ్రూపులోంచి మాత్రం పోలేదు. నేను పెట్టే మొగ్గ గిచ్చే మాటలు అక్కడి చేలో పెట్టుకొని వింటున్నారని ఎవరో చెప్పారు. వినేది పొద్దెక్కాక అయి ఉంటుంది. చిన్నత్త కోడలు రీచార్జి చేయించుకొని, బొమ్మ పెట్టడం మానలేదు. అలవాటైపోయింది ఆమెకు. ఒక్కోసారి నా మాట తరువాత వస్తుంది.

ముఠా నా దగ్గరే ఉంది. చిన్నత్త పట్టింపు చిన్నత్త దగ్గరే ఉంది. ఆమె ఇప్పటికీ నేను ఎదురొస్తే కొంగు లాక్కుంటుంది, పొద్దెక్కాక వచ్చి నా పక్కనే కూర్చొని సద్ది తింటుంది.

ఇగ సాలు బిడ్డా, నా గొంతు పట్టేసింది. చిన్నత్త నన్ను చేన్ల ఏమన్నదో ఆ కాడికెంచి జర సదువు, ఇంట. ఆమె మాటకు ఒక ముక్క తక్కువ వడ్డా, ఒకటి ఎక్కువ వడ్డా రేపు ఆటోల నన్ను కూసోనియ్యదు. మెల్లగ సదువు.